పెళ్ళికానివారి రెండు రోజుల కూడిక: సలహాలు కావాలి, సంబంధాలు వద్దు

తెనాలి టీచరు – 2025 అక్టోబరు 4, రాత్రి 9:40

అందరికీ వందనాలు. మా చుట్టుపక్కల పదకొండు క్రైస్తవ సంఘాలు కలిసి ఒక వారాంతపు సదస్సు పెట్టాలనుకుంటున్నాయి. ముప్పై దాటినా పెళ్ళి కానివారు, భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారు, విడిపోయినవారు, వీరి కోసం. పని నా నెత్తిన పడింది. "నీకు ఇల్లూ పిల్లలూ లేరు కదమ్మా, తీరిక ఉంటుంది" అని పెద్దలు నవ్వుతూ అప్పగించారు. నేనూ నవ్వుతూనే తీసుకున్నాను.

నాకు నలభై ఒకటి. పదహారేళ్ళుగా సంఘంలో సండే స్కూలు చూస్తున్నాను. యవనస్థుల కూటానికి వెళితే నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే లేచి కుర్చీ ఇస్తారు. స్త్రీల సమాజంలో కాన్పులు, కోడళ్ళు. క్రిస్మస్ ముందు కుటుంబానికొక వాక్యం చదివించే రోజున నన్ను మా అన్నయ్య కుటుంబంతో కలిపి పిలుస్తారు. గుడిలో నా చోటు మాత్రం ఖాయం. కుడివైపు మూడో వరుస చివర, ఫ్యాను కింద.

మూడేళ్ళ కిందట వేరే జిల్లాలో ఇలాంటి కూడికకు వెళ్ళాను. ముగింపు రోజున ప్రసంగీకుడు "ముప్పై దాటినవారు లేవండి" అన్నారు. లేచాం. "ముప్పై అయిదు దాటినవారు ముందుకు రండి." వెళ్ళాం. "వచ్చే ఏడు వీళ్ళందరూ జంటలుగా రావాలి ప్రభువా" అని తలల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. నా పక్కనున్న ఆవిడ కళ్ళు మూసుకోలేదు. తలుపు దగ్గర విడిచిన తన చెప్పుల వైపే చూస్తోంది. మాకూ ఆ తలుపుకూ మధ్య రెండు వందల మంది కూర్చుని ఉన్నారు.

అలా కాకుండా ఎలా చేయాలి? ఎక్కడ, ఎప్పుడు, ఎంతలో? చేసినవారు, వెళ్ళినవారు చెప్పండి.

బ్యారేజి గాలి – అక్టోబరు 4, రాత్రి 10:15

అక్కా, ముందు తేదీ తేల్చండి. రెండో శనివారమైతే ఆఫీసులకూ బ్యాంకులకూ సెలవు. సంక్రాంతి దాటాక వచ్చే మొదటి రెండో శనివారం ఎప్పుడా అని చూశాను. ఫిబ్రవరి 14! పెళ్ళికానివాళ్ళ సదస్సు ప్రేమికుల రోజున అంటే మా అమ్మ నన్ను గేటు దాటనివ్వదు. లేదంటే తనే దగ్గరుండి బస్సెక్కిస్తుంది. రెండూ ప్రమాదమే.

మెట్టతామర – అక్టోబరు 5, ఉదయం 6:05

ఆ మర్నాడు 15న శివరాత్రి. మాది నరసరావుపేట పక్కన. కోటప్పకొండ తిరునాళ్ళకు బస్సులన్నీ అటే తిరుగుతాయి. ప్రభలు కదిలాయంటే మా రోడ్డు మీద సైకిలు కూడా పోదు. ఆ రోజుల్లో అయితే మా వైపు నుంచి ఒక్కరూ రాలేరు.

పల్లె కాపరి – అక్టోబరు 5, మధ్యాహ్నం 3:20

18న భస్మ బుధవారం. ఈస్టరు ముందటి శ్రమదినాలు మొదలైతే మాకు ఊపిరి ఆడదు. ఈస్టరు ఏప్రిల్ 5, ఆ తరువాత ఎండలు. కాబట్టి జనవరి చూడండి. 24 నాలుగో శనివారం, బ్యాంకులకు సెలవే. 26 సోమవారం రిపబ్లిక్ డే. మూడు రోజులు కలిసివస్తాయి.

తెనాలి టీచరు – అక్టోబరు 5, రాత్రి 8:50

అయ్యగారూ, 26 ఉదయం నేను బళ్ళో జెండా కర్ర దగ్గర ఉండాలి. వచ్చేవాళ్ళలో సగం మంది టీచర్లు, సచివాలయం ఉద్యోగులు. వాళ్ళకూ అదే పని. ఆదివారం భోజనాలు కాగానే సంచులు సర్దుకుందాం. 24, 25 ఖాయం చేస్తున్నాను. శనివారం బడి ఉన్నవాళ్ళు ఒక సెలవు దాచుకోండి.

పల్లె కాపరి – అక్టోబరు 5, రాత్రి 9:30

అమ్మా, అడ్డుపడుతున్నానని అనుకోవద్దు. ఆదివారం అంటే నాకొక చిక్కు. మా సంఘంలో సండే స్కూలు చెప్పేది ఒక పెళ్ళికాని చెల్లెలు. కీబోర్డు వాయించేది పెళ్ళికాని తమ్ముడు. కానుకలు లెక్కపెట్టి పుస్తకంలో రాసేది భర్త చనిపోయిన ఒక అమ్మ. గుడి ఊడ్చేది కూడా ఆవిడే. మీ సదస్సుకు ఈ ముగ్గురినీ పంపితే ఆ రోజు ఆరాధన నడిచేదెలా?

తెనాలి టీచరు – అక్టోబరు 5, రాత్రి 9:41

అయ్యగారూ, తెలియకుండానే మా సదస్సుకు మొదటి వర్తమానం, అంటే ప్రసంగం, మీరే ఇచ్చేశారు.

రాత్రి డ్యూటీ – అక్టోబరు 6, ఉదయం 7:30

నేను నర్సును, ముప్పై ఎనిమిదేళ్ళు. పై మాట చదివి వార్డులో గట్టిగా నవ్వాను. పండగ రోజుల్లో డ్యూటీ ఎప్పుడూ నాకే వేస్తారు, "నీకు ఇంటి దగ్గర ఎవరున్నారు" అని. గుడికి వెళితే అక్కడా అదే వరస. సండే స్కూలు, గాయక బృందం, క్రిస్మస్ నక్షత్రాలు కట్టడం, ప్రభువు బల్ల గిన్నెలు కడగడం. ఆఖరికి పెళ్ళిళ్ళలో ఐస్‌క్రీమ్ కౌంటరు కూడా మనదే.

ఒక మాట అడుగుతాను. ఈ రెండు రోజులూ మన చేత ఏ పనీ చేయించకుండా ఉండగలరా? వంట, వడ్డన, గిన్నెలు, పిల్లల్ని చూసుకోవడం, కుర్చీలు వేయడం, అన్నీ పెళ్ళయినవారు చేయాలి. మనం కూర్చోవాలి. అంతే.

బ్యారేజి గాలి – అక్టోబరు 6, ఉదయం 7:52

ఇది చాలు. మిగతా కార్యక్రమం ఏదైనా సరే, నా పేరు రాసుకోండి.

పల్లె కాపరి – అక్టోబరు 6, రాత్రి 9:10

మా పెద్దలతో మాట్లాడాను. మొదట మౌనం. తరువాత ఒక డీకను గారు, "నేను కానుకలు లెక్కపెడతాను, కానీ సండే స్కూలు మాత్రం నా వల్ల కాదు" అన్నారు. అది నేను చెబుతానన్నాను. అయితే నాదొక సందేహం. "నరుడు ఒంటరిగా నుండుట మంచిది కాదు" అని దేవుడే అన్నాడు కదా. పెళ్ళి గురించి అసలు ఒక్క వర్తమానమూ లేకుండా సదస్సు పెడితే వాక్యాన్ని పక్కన పెట్టినట్టు కాదా?

రాత్రి డ్యూటీ – అక్టోబరు 7, ఉదయం 8:15

అయ్యగారూ, ఆ వాక్యం ఆదికాండము రెండో అధ్యాయంలో ఉంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, పెండ్లికానివారు తనలాగే ఉండిపోవడం మేలని రాశాడు. అదీ వాక్యమే. మొదటిదాని మీద మన గుళ్ళలో ఏటా నలభై పెళ్ళి ప్రసంగాలు వింటాం. రెండోదాని మీద ఒక్కటైనా విన్నవాళ్ళుంటే చెప్పండి.

నేను గుంటూరులో చదువుకున్నాను. అక్కడ కుగ్లర్ ఆసుపత్రి అంటే రిక్షావాళ్ళకు కూడా తెలుసు. అన్నా కుగ్లర్ 1883లో ఈ దేశం వచ్చారు. ఆసుపత్రి 1898లో తెరిచారు. 1930లో చనిపోయేదాకా గుంటూరునే నమ్ముకుని ఉన్నారు. పెళ్ళి చేసుకోలేదు. వెల్లూరులో ఆసుపత్రి, వైద్య కళాశాల నిలబెట్టిన ఐడా స్కడ్డర్ కూడా అంతే. మన ఊళ్ళలో తలుపు తలుపూ తట్టి ఆడవాళ్ళకు చదువు చెప్పిన బైబిలు స్త్రీలలో ఎంతోమంది భర్త లేనివాళ్ళు. మన సంఘాలకు పునాది వేసినవాళ్ళను ఇప్పుడు వేదిక ముందు నిలబెట్టి "త్వరగా ఒక ఇంటివారు కావాలి" అని దీవిస్తున్నాం.

పల్లె కాపరి – అక్టోబరు 7, మధ్యాహ్నం 1:05

ఏడో అధ్యాయం మీద నేనెప్పుడూ ప్రసంగించలేదు. ఇరవై రెండేళ్ళ సేవలో. ఒప్పుకుంటున్నాను.

టెక్సాస్ తెలుగు – అక్టోబరు 7, రాత్రి 11:40

మా సంఘంలో ఇలాంటివి ఏటా జరుగుతాయి. అందరి అట్టల మీదా పేర్లు రాసి, చీటీలు తీసి, ఎవరి చీటీ ఎవరికి వస్తే వాళ్ళతో అయిదు నిమిషాలు మాట్లాడించే ఆట పెట్టండి. బిడియం ఇట్టే పోతుంది.

బ్యారేజి గాలి – అక్టోబరు 7, రాత్రి 11:58

అన్నయ్యా, చీటీలో మా హెడ్మిస్ట్రెస్ వస్తే ఆ అయిదు నిమిషాలు ఏం మాట్లాడమంటారు?

కోశాధికారి – అక్టోబరు 9, సాయంత్రం 6:30

స్థలం గురించి. మూడు చోట్లు చూసి వచ్చాం. విజయవాడలో హాలు దొరుకుతుంది కానీ రాత్రికి అందరూ ఇళ్ళకు పోతారు, అప్పుడది సభే అవుతుంది, కూడిక కాదు. అరకు అన్నారు కుర్రవాళ్ళు. జనవరి చలిలో, అంత దూరం, మోకాళ్ళ నొప్పులవాళ్ళతో కుదరదు. సూర్యలంక దగ్గర ఒక పాత మిషను బంగళా, దానికి ఆనుకుని హాలు, పద్దెనిమిది గదులు ఉన్నాయి. బాపట్ల స్టేషను చెన్నై మెయిన్ లైను మీదే ఉంది కాబట్టి అటు ఒంగోలు వాళ్ళకూ ఇటు తెనాలి వాళ్ళకూ రైలు ఉంటుంది. అక్కడి నుంచి ఆటోలో తొమ్మిది కిలోమీటర్లు.

నూట పది మందికి లెక్క వేశాను. బంగళా, హాలు 38,000. నాలుగు పూటల భోజనం, టీలు తలకు 480 చొప్పున 52,800. మైకు, కుర్చీలు, జనరేటరు 9,000. ప్రసంగీకుల రాకపోకలు 6,000. కరపత్రాలు, ఫైళ్ళు 4,200. మొత్తం లక్షా పదివేలు. అంటే తలకు సరిగ్గా వెయ్యి.

మెట్టతామర – అక్టోబరు 9, రాత్రి 8:00

వెయ్యి అంటే మా దగ్గర రావాలనుకున్న ఇద్దరు అంగన్‌వాడీ ఆయాలు రారు. అడిగితే తగ్గిస్తారని నాకు తెలుసు. వాళ్ళు అడగరు.

కోశాధికారి – అక్టోబరు 10, ఉదయం 9:15

నిజమే అమ్మా. అయితే ఇలా చేద్దాం. మూడు రేట్లు పెడదాం: 500, 1,000, 1,500. ఎవరికి వీలైంది వాళ్ళు కవరులో పెట్టి, పైన పేరు రాయకుండా పెట్టెలో వేయాలి. పేర్ల జాబితా వేరు, డబ్బు పెట్టె వేరు. ఎవరు ఎంత ఇచ్చారో నాకు కూడా తెలియదు. బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, ఇలాంటి లెక్క రాయడం నాకు ప్రాణం మీదకు వస్తుంది. అయినా రాస్తాను.

సౌండ్ బాక్సు – అక్టోబరు 10, రాత్రి 10:30

పాటలు నాకు వదిలేయండి. కొత్త పాటలు, డ్రమ్స్, లైట్లు అన్నీ ఉన్నాయి.

మెట్టతామర – అక్టోబరు 10, రాత్రి 10:44

బాబూ, లైట్లు వద్దు. హార్మోనియం ఉంటే తీసుకురా. పాత కీర్తనలు పుస్తకం చూడకుండా పాడేవాళ్ళం ఇంకా ఉన్నాం.

మోడరేటరు – అక్టోబరు 12, ఉదయం 11:00

ఈ చర్చలో ఒక పెళ్ళి సంబంధాల మధ్యవర్తి ఫోను నంబరుతో సహా ప్రకటన పెట్టారు. తీసేశాను. "సదస్సు దగ్గర బల్ల వేసుకోవడానికి అద్దె ఎంత" అని కూడా అడిగారు. జవాబు ఇవ్వలేదు.

బ్యారేజి గాలి – అక్టోబరు 12, మధ్యాహ్నం 12:20

ఇంతవరకు జోకులు వేశాను. ఇప్పుడు ఒక నిజం చెబుతాను, కోప్పడకండి. నేను రావాలనుకుంటున్నదే అందుకు. ముప్పై నాలుగేళ్ళు. గుడిలో, ఆఫీసులో నా వయసు అమ్మాయిలతో పది మాటలు మాట్లాడే చోటే లేదు. మాట్లాడితే మర్నాటికి మా పిన్నికి తెలుస్తుంది. పెళ్ళి కావాలనుకోవడం తప్పన్నట్టు ఇక్కడ మాటలు నడుస్తున్నాయి.

తెనాలి టీచరు – అక్టోబరు 12, సాయంత్రం 5:45

తమ్ముడూ, తప్పు కానే కాదు. నేనూ చాలా ఏళ్ళు కోరుకున్నాను, ఇప్పుడు కోరుకోవడం లేదు. రెండూ నిజాలే. నువ్వు అక్కడ ఎవరితోనైనా మాట్లాడు, నచ్చితే మీ ఇంట్లో చెప్పు. నాకు భయం కార్యక్రమం పట్టికలో అది చేరడం గురించే. ఒకసారి బయోడేటాలు చేతులు మారడం మొదలైతే మన దగ్గర ఏం జరుగుతుందో నీకు తెలియనిది కాదు. మొదటి ప్రశ్న ఏ ఊరు, రెండో ప్రశ్న ఏ సంఘం. మూడో ప్రశ్న ఏమిటో మనందరికీ తెలుసు. అందరం ఒకే రొట్టె పంచుకునే ప్రభువు బల్ల దగ్గర అడగని ఆ ప్రశ్నను పెళ్ళి పందిట్లో అందరం అడుగుతాం. ఆ ప్రశ్న ఆ బంగళా గేటు లోపలికి రాకూడదు.

అందుకని: ఫోటోలు వద్దు, బయోడేటాలు వద్దు, తల్లిదండ్రులకు ప్రవేశం లేదు. వేదిక మీద ఎవరి పెళ్ళి గురించీ ప్రార్థన ఉండదు. టీ దగ్గర ఎవరు ఎవరితో మాట్లాడారన్నది సంఘానికి సంబంధం లేదు.

గోదావరి గట్టు – అక్టోబరు 13, మధ్యాహ్నం 2:10

నాకు పెళ్ళయింది. మావారు తొమ్మిదేళ్ళుగా కువైట్‌లో ఉన్నారు. రెండేళ్ళకొకసారి నలభై రోజులు ఇక్కడ ఉంటారు. స్త్రీల సమాజంలో నన్ను భర్త ఉన్నవాళ్ళ లెక్కలో వేస్తారు, కరెంటు బిల్లు నుంచి పిల్లల జ్వరం దాకా అన్నీ ఒక్కదాన్నే చూసుకుంటాను. నేను రావచ్చా? కాదంటే వంటకైనా వస్తాను.

తెనాలి టీచరు – అక్టోబరు 13, రాత్రి 9:00

అక్కా, మిమ్మల్ని వంటకు పిలిస్తే రాత్రి డ్యూటీ నన్ను బతకనివ్వదు. వంట చేసే పెళ్ళయినవాళ్ళ జాబితాలో మీరు లేరు. మాతోపాటు కూర్చునే జాబితాలో రాసుకున్నాను.

మెట్టతామర – అక్టోబరు 15, రాత్రి 11:10

కరపత్రం నమూనా చూశాను. "అవివాహితులు, విధవరాండ్రు, విడాకులు పొందినవారు" అని అచ్చు వేయబోతున్నారు. ఆ మధ్య మాట తీసేయండి. బైబిల్లో ఉంది కదా అంటారు, ఉంది. కానీ ఆ మాటకు ఒక అక్షరం మార్చితే ఊళ్ళో తిట్టు అవుతుంది. మగవాణ్ణి తిట్టాలన్నా మా పేరే వాడతారు. "ఒంటరివారి సదస్సు" అని కూడా ఎవరో రాశారు. మా వీధిలో ఆ బ్యానరు కడితే నేను దాని కిందుగా నడవను.

నాకు యాభై రెండు. ఆయన పోయి పదకొండేళ్ళు. కుట్టుమిషను మీద ఇద్దరు పిల్లల్ని చదివించాను. మొన్న వేసవిలో మా చెల్లెలి కూతురి ప్రధానం, అదే నిశ్చితార్థం. పెళ్ళికూతురి జాకెట్లు మూడూ నేనే కుట్టాను, రాత్రి రెండింటి దాకా కూర్చుని. ప్రధానం రోజున పూలు, పండ్లు, చీర ఉన్న పళ్ళెం పట్టుకుని వేదిక వైపు నడుస్తున్నాను. మా వదిన ఎదురొచ్చింది. "అలిసిపోయావు, కాసేపు కూర్చో" అంటూ పళ్ళెం మెల్లగా నా చేతుల్లోంచి తీసుకుంది. ఎంత మెల్లగా అంటే పక్కనున్నవాళ్ళకు తెలియలేదు. మనం శకునాలు నమ్మం కదా, అందుకని ఆ మాట ఎవరూ పైకి అనరు. పళ్ళెం మాత్రం తీసుకుంటారు.

కాబట్టి మూడు విన్నపాలు. మా చేత సాక్ష్యాలు చెప్పించకండి. ఆయన ఎలా పోయాడు, తరువాత ఎలా బతికాం అని మైకులో ఏడిపించి, అందరూ హల్లెలూయ అనడం నాకు ఇష్టం లేదు. చెప్పాలనుకున్నవాళ్ళు భోజనాల దగ్గర చెబుతారు. రెండు, గదులు వయసును బట్టి కాకుండా కలిపి వేయండి. ముసలివాళ్ళనందరినీ ఒక గదిలో వేస్తే రాత్రంతా బీపీ మాత్రల మాటలే. మూడు, పేరు మార్చండి.

రాత్రి డ్యూటీ – అక్టోబరు 16, ఉదయం 7:05

అమ్మా, ఏమీ అనలేకపోతున్నాను. పళ్ళెం గురించి రాసింది రెండుసార్లు చదివాను.

పేరుకు: బేతనియ? ఆ ఊళ్ళో మార్త, మరియ, లాజరు అని ముగ్గురు తోబుట్టువులు. వాళ్ళలో ఎవరికీ భార్య గానీ భర్త గానీ ఉన్నట్టు సువార్తల్లో ఎక్కడా కనిపించదు. ఆ ఇంటికే యేసుప్రభువు భోజనానికి వెళ్ళేవాడు. వాళ్ళకు పెళ్ళిళ్ళు ఎప్పుడు అని ఆయన అడగలేదు.

బ్యారేజి గాలి – అక్టోబరు 16, ఉదయం 7:20

వంటింట్లో పని ఎవరు చేయాలన్న తగువు కూడా ఆ ఇంట్లోనే జరిగింది. సరిపోయింది.

తెనాలి టీచరు – అక్టోబరు 16, రాత్రి 8:30

బ్యానరు మీద "బేతనియ" అన్న ఒక్క మాట, కింద తేదీలు. ఎవరి కోసమన్నది కరపత్రంలో "జీవిత భాగస్వామి లేకుండా ఉన్న పెద్దలందరికీ" అని వేస్తున్నాం. అమ్మా, మీ మూడు విన్నపాలూ ఒప్పుకున్నాం.

నల్లకోటు – అక్టోబరు 19, సాయంత్రం 4:00

కార్యక్రమంలో మూడు వర్తమానాలు, రెండు బైబిలు ధ్యానాలు కనిపిస్తున్నాయి. ఒకటి తగ్గించి నాకు గంట ఇవ్వండి. నేను వకీలును, పెళ్ళి కాలేదు. మనవాళ్ళకు ఆస్తి, వారసత్వం సంగతి చెప్పే దిక్కు లేదు.

క్రైస్తవులమైన మనకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. భార్యాపిల్లలు లేని మనిషి వీలునామా రాయకుండా చనిపోయి, తండ్రి బతికి ఉంటే ఆస్తి అంతా తండ్రికే వెళుతుంది. తల్లికి ఏమీ రాదు. తండ్రి లేకపోతే తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు సమానంగా పంచుకుంటారు. అంటే ఇరవై ఏళ్ళు తల్లిని చూసుకుంటూ ఒక ఆడమనిషి కొనుక్కున్న రెండు గదుల ఇల్లు, ఆమె పోయాక ఎప్పుడూ తొంగిచూడని అన్నలకు, తల్లికి సమాన వాటాలుగా పోతుంది. భర్త పోయినవారికి పిల్లలుంటే భర్త ఆస్తిలో మూడో వంతు మీది, మిగతాది పిల్లలది. పిల్లలు లేక ఆయన వైపు రక్తసంబంధీకులుంటే మీకు సగం. ఇవేవీ తెలియక అత్తవారు ఇచ్చింది చాలనుకుని బయటికి వచ్చినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. కానీ మీరు ఎవరికి రాసిస్తున్నారో వారిచేత సాక్షి సంతకం పెట్టించకండి, వాళ్ళకు రాసింది చెల్లకుండా పోతుంది. ఇంకొకటి, తరువాత పెళ్ళి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా రద్దవుతుంది. బ్యాంకులో నామినీ పేరు రాశాం కదా అంటారు. నామినీ డబ్బు తీసుకుని అసలు వారసులకు అప్పగించవలసిన మనిషే, వారసుడు కాడు.

బ్యారేజి గాలి – అక్టోబరు 19, సాయంత్రం 4:25

పెళ్ళయితే వీలునామా రద్దవుతుందా! సార్, ఆ గంట నాకు బాగా ఉపయోగపడేలా ఉంది.

రాత్రి డ్యూటీ – అక్టోబరు 19, రాత్రి 9:50

దానికి ఒక ముక్క నేను కలుపుతాను. ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరూ లేక, ఊరి నుంచి అన్నయ్య వచ్చేదాకా మంచం మీద ఎదురుచూసినవాళ్ళను నేను చూశాను. ఇద్దరిద్దరు స్నేహితులు ఒకరి ఫోను నంబరు ఇంకొకరి పర్సులో, మాత్రల వివరాలతో సహా, రాసి పెట్టుకోవాలి. ఆ కార్డులు ముద్రించి తెస్తాను. సదస్సులో అక్కడికక్కడే నింపుకుందాం.

తెనాలి టీచరు – డిసెంబరు 7, రాత్రి 8:15

ఇప్పటిదాకా తొంభై ఆరు పేర్లు వచ్చాయి. అందులో ఎనిమిది మంది తండ్రులు నాకు ఫోను చేశారు. ఒకాయన కూతురికి ముప్పై ఏడేళ్ళు, మండలంలో గెజిటెడ్ అధికారి. "మా పాప ఒక్కతే వస్తుంది, జాగ్రత్త" అన్నారు. రాత్రి గేటుకు తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు. నా దగ్గరే ఉంటుందని చెప్పాను. మళ్ళీ ఎవరూ అడగకుండా పాస్టరుగార్ల చేత ఇళ్ళకు ఒక ఉత్తరం ఇప్పిస్తున్నాం.

సముద్రం సంగతి. తెల్లవారుజామున అందరం ఒడ్డుకు నడిచి వెళ్ళి ప్రార్థన చేసుకుంటాం. నీళ్ళలోకి దిగడం లేదు. ఆ ఒడ్డున ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు.

వంట మేస్త్రి బియ్యం పూటకు పదహారున్నర కిలోలు, ఆదివారానికి కోడి ఇరవై రెండు కిలోలు చెప్పాడు. షుగరు ఉన్నవాళ్ళకు జొన్న రొట్టె. వడ్డనకు పద్నాలుగు జంటలు పేర్లిచ్చారు. అందులో మా అన్నయ్య, వదిన ఉన్నారు. మా అన్నయ్య ఇంతవరకు ఎవరికీ మంచినీళ్ళు కూడా వడ్డించినట్టు నాకు గుర్తు లేదు.

కోశాధికారి – 2026 జనవరి 26, మధ్యాహ్నం 12:40

వచ్చినవారు 104. కవర్లలో 1,07,500. ఖర్చు 1,06,180. మిగిలింది 1,320, బంగళా కాపలా ఆయన ఇంట్లో పెళ్ళి ఉందంటే ఇచ్చేశాం. జనరేటరు శనివారం రాత్రి గంటన్నర మొరాయించింది. ఆ చీకట్లో సౌండ్ బాక్సు హార్మోనియం తీశాడు. లెక్క పుస్తకం మూసి నేనూ వెళ్ళి కూర్చున్నాను.

రాత్రి డ్యూటీ – జనవరి 26, మధ్యాహ్నం 2:15

సాంబారులో ఉప్పు లేదు. ఆదివారం పలావు అడుగంటింది. గిన్నెలు కడుగుతూ ఇద్దరు పెద్దమనుషులు సబ్బు పీచు ఎటు పట్టుకోవాలని వాదించుకున్నారు. లేచి వెళ్ళి చేసేద్దామని నాకు మూడుసార్లు కాళ్ళు కదిలాయి. గోదావరి గట్టు అక్క నా చెంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

పల్లె కాపరి – జనవరి 26, సాయంత్రం 6:00

ఇక్కడి సంగతి. సండే స్కూలుకు నలభై మంది పిల్లలు వచ్చారు. దావీదు గొల్యాతు కథ మొదలుపెట్టాను. రాయి తగలకముందే నా గొంతు పోయింది. కానుకలు డీకను గారు మూడుసార్లు లెక్కపెట్టారు, మూడుసార్లూ మూడు లెక్కలు. కీబోర్డు లేక పాట ఎత్తుగడ మరీ పైకి పోయి రెండో చరణంలో అందరం ఆగిపోయాం. వచ్చే ఆదివారం కొరింథీయుల ఏడో అధ్యాయం ప్రకటించాను. సలహాలు ఇచ్చేవారు ముందుగానే ఇవ్వండి.

తెనాలి టీచరు – జనవరి 26, రాత్రి 8:20

జెండా ఎగరేసి వచ్చి పడుకున్నాను, ఇప్పుడే లేచాను. మరిచిపోయిన వస్తువులు: నీలం అంచు తువాలు ఒకటి, స్టీలు క్యారేజీ మూత, ఫోను చార్జర్లు నాలుగు, మూడో నంబరు గదిలో దిండు కింద ఒక కళ్ళజోడు, కాడకు దారం చుట్టి ఉంది.

మెట్టతామర – జనవరి 26, రాత్రి 9:05

కళ్ళజోడు నాదే. రెండు రోజులు సూదీ దారం పట్టలేదు కదా, అది లేదన్న సంగతి ఇవాళ మిషను ముందు కూర్చున్నాకే తెలిసింది. పోస్టులో పంపకండి, పగులుతుంది. ఎవరైనా ఇటు వస్తే తెండి. గోంగూర పచ్చడి సీసా ఇస్తాను.

బ్యారేజి గాలి – జనవరి 26, రాత్రి 9:07

శనివారం నేను తెస్తాను అమ్మా. కారం కాస్త తగ్గించి, రెండు సీసాలు.

మెట్టతామర – జనవరి 26, రాత్రి 9:12

రెండోది ఎవరికి బాబూ?

మోడరేటరు – జనవరి 26, రాత్రి 9:13

ఈ ప్రశ్నకు జవాబు ఇక్కడ అవసరం లేదు. చర్చ మూసేస్తున్నాను.